ఏమీ మండకుండనే సీఓ అలారం మొత్తుకుంటున్నది, పీస్ పాడైనట్టేనా?

#1 పాలమూరు_పోరడు
మా తమ్ముడు అమెరికా నుంచి వచ్చినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ (సీఓ, సరిగ్గ మండనప్పుడు వచ్చే విషగాలి) అలారం తెచ్చిపెట్టిండు. రెండు పెన్సిల్ సెల్లతోని నడుస్తది, చిన్న డిస్‌ప్లే ఉన్నది. బెడ్‌రూంల గోడకు పెట్టినం. రెండు నెలలు సప్పుడు లేదు. ఈ వారంల మూడుసార్లు మొత్తుకున్నది, రెండుసార్లు నడిరాత్రి. ఆ టైంకు గ్యాస్ పొయ్యి బంద్, గీజర్ బంద్. నిన్న డిస్‌ప్లేల 85 చూపెట్టింది. బటన్ ఒత్తితే ఊకుంటది, కొద్దిసేపటికి మళ్ల షురూ. సెల్లు పీకి బీరువల పడేద్దామా అనిపిస్తుంది. పాడైందా, నిజంగనే ఏమన్న ఉన్నదా, ఎట్ల తెల్వాలె?

#2 జడ్చర్ల_జోకర్
బీరువల పెడితే బీరువ మొత్తుకుంటది భయ్యా. పట్టుచీరలకు ఏమన్నయితే వదిన నిన్ను బయట పండబెడ్తది. అది సేఫే, బయట గాలి మంచిగుంటది.

#3 నల్లగొండ_సిస్టరమ్మ
సెల్లు మాత్రం పీకకు తమ్మీ. ముందు ఒక్కటి చెప్పు: మోగిన రాత్రి గానీ తెల్లారి గానీ ఇంట్ల ఎవరికన్న తలనొప్పి, కళ్లు తిరుగుడు, వాంతి వచ్చినట్టు అయిందా? జ్వరం లేకుంట ఇద్దరు ముగ్గురికి ఒక్కసారే తలనొప్పి వచ్చి, బయటికి పోంగనే తగ్గితే అది సీఓ గుర్తు.

#4 దేవరకొండ_వైరింగ్
ఇవి గూడ చెప్పు, లేకుంటే అందరం గాలిల రాళ్లేసుడే.
సప్పుడు ఎట్లుంది: నాలుగు బీప్‌లు, ఆగి మళ్ల నాలుగా? లేక అర నిమిషానికో నిమిషానికో ఒక్క చిన్న కూతా?
వెనక తయారీ తేదీ ఎంత? ఏ స్టాండర్డ్ అని రాసుంది?
బెడ్‌రూంకు ఆనుకొని ఏమున్నయి? గీజర్ యాడ బిగించిన్రు? ఇన్వర్టర్ ఉన్నదా?
మోగిన మూడుసార్లు, దానికి ముందు కరెంటు పోయిందా?

#5 పాలమూరు_పోరడు
నాలుగు బీప్‌లు, ఆగి మళ్ల నాలుగు. వెనక 2022 అని ఉంది, యూఎల్ 2034 అని ఉంది. ఎవరికీ తలనొప్పి లేదు. గ్యాస్ గీజర్ బాత్రూం బయట గోడకు, పైన రేకు చూరు. బెడ్‌రూం పక్కనే మెట్ల కింద చిన్న స్టోర్, అండ్ల ఇన్వర్టరు, నీళ్లు పోసే ట్యూబులర్ బ్యాటరీ. మధ్యల తలుపు ఉంది గని కింద రెండు వేళ్ల సందు. కరెంటు సంగతి ఇప్పుడు అడిగితే గుర్తుకొస్తున్నది: మూడుసార్లు గూడ అంతకుముందు రెండు మూడు గంటలు కరెంటు పోయింది. కరెంటు వచ్చి గంట దాటినంక మోగింది.

#6 సూర్యాపేట_బ్యాటరీలు
దొరికింది. నీళ్ల బ్యాటరీ ఛార్జింగ్ చివరి దశల హైడ్రోజన్ వదుల్తది. ఇండ్ల అలారాలల్ల ఉండే సీఓ సెన్సర్‌కు హైడ్రోజన్‌కూ సీఓకూ తేడా పూర్తిగ తెల్వదు, రెంటికీ కదుల్తది. సందు కింది నుంచి బెడ్‌రూంలకు వస్తుంటది, 85 చూపెడ్తది. గ్యారేజీలల్ల, ఇన్వర్టర్ గదులల్ల ఇది మామూలే. పీస్ పాడు కాలే.

#7 గీజర్_డాక్టర్
అన్నా తొందరపడకు. మెట్ల కింద బ్యాటరీ ఉన్నదని గీజర్‌ను బేకసూర్ అనొద్దు. బయట గోడకు బిగించిందే గని పైన చూరు ఉంది, పొగ చూరు కింద చేరి బెడ్‌రూం వెంటిలేటర్ల నుంచి లోపలికి రావొచ్చు. గీజర్ బంద్ చేసినంక గూడ ఆ గాలి గదిల గంటలు ఉంటది. బ్యాటరీ అన్న మాట నిజమే కావొచ్చు, అయినా రెండు కారణాలు ఒకే ఇంట్ల ఉండొద్దని రూలేం లేదు.

#8 పానగల్లు_సార్
అలారం మోగడానికి ఆ గంటకూ సంబంధం ఉంది. అమెరికా ప్రమాణం యూఎల్ 2034 ప్రకారం 70 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 70 వంతులు) ఉంటే 60 నుంచి 240 నిమిషాల మధ్య మోగాలి, 150 ఉంటే 10 నుంచి 50 నిమిషాల్లో, 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లో. యూరప్ వాళ్ల ఈఎన్ 50291 వేరు: 50 పీపీఎంకు 60–90 నిమిషాలు, 100కు 10–40, 300కు 3 నిమిషాల్లోపే. అలారం లెక్కగట్టేది ఎంత గాలి, ఎంతసేపు అనే రెండింటినీ కలిపి. రక్తంలో సీఓ ఎంత పేరుకుంటుందో దానికి అంచనా అన్నమాట. అందుకే 85 దగ్గర గంట దాటాక మోగింది. పీస్ సరిగ్గానే పనిచేస్తోంది.

#9 పాలమూరు_పోరడు
అంటే 60 పీపీఎం ఉంటే మోగనే మోగదా?

#10 పానగల్లు_సార్
యూఎల్ పీస్ అయితే మోగకపోవచ్చు. 30 పీపీఎం దగ్గర 30 రోజుల దాకా మోగకూడదని కూడా అందులోనే ఉంది, ఊరికే మోగి జనం విసుగెత్తి సెల్లు తీసేయకుండా పెట్టిన షరతు. చాలా మోడళ్లు 30 లోపు ఉంటే డిస్‌ప్లేలో సున్నానే చూపిస్తాయి. గర్భిణి, పసిబిడ్డ, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే మోగిందా లేదా అని కాకుండా డిస్‌ప్లేలో అంకె చూడటం అలవాటు చేసుకోండి. పీక్ బటన్ (ఇప్పటిదాకా వచ్చిన అత్యధిక అంకెను చూపేది) ఉంటే వారానికోసారి ఒత్తి చూసి, రాసుకుని, చెరిపేయండి.

#11 జడ్చర్ల_జోకర్
మా ఇంట్ల పీక్ మీటర్ అత్తమ్మ. సెల్లు గూడ అక్కర్లేదు.

#12 మిర్యాలగూడ_మిల్లు
సీఓ బరువు గ్యాస్ గదా, నేలకు జానెడు ఎత్తున పెట్టాలంటరు. గోడకు పైకి పెడితే ఎట్ల దొరుకుతది? ముందు కిందికి దించు.

#13 దేవరకొండ_వైరింగ్
#12 అన్నా, అది ఎల్‌పీజీ డిటెక్టర్‌ సంగతి. సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువు, కింద పరుచుకుంటది, దాని డిటెక్టర్ నేల నుంచి జానెడున్నర లోపల. సీఓ గాలి కంటే రవ్వంత తేలిక, గదంత కలిసిపోతది. పడుకునే గదిల మంచం మీద తల ఉండే ఎత్తుకు పెట్టు, సరిపోతది. పొయ్యి, గీజర్ ఉన్న గదిల అయితే గోడ మీద కిటికీ పై అంచు కంటే ఎత్తుల, సీలింగ్‌కు కనీసం 15 సెంటీమీటర్ల కింద; పొయ్యికి అడ్డంగ 1 నుంచి 3 మీటర్ల దూరం. సీలింగ్‌కే కొట్టేటట్టయితే గోడకు 30 సెంటీమీటర్లు వదులు. దానితోని వచ్చిన కాగితంల వేరే రాసుంటే అదే లెక్క.
యాడ పెట్టొద్దంటే బాత్రూంల, ఫ్యాన్ గాలి సూటిగ తగిలే చోట, కిటికీ పక్కన, పరద ఎనుక, బీరువ మీద మూలకు.
సీఓ అలారం సిలిండర్ లీక్‌ను పట్టదు, ఎల్‌పీజీ డిటెక్టర్ సీఓను పట్టదు, పొగ అలారం రెంటినీ పట్టదు. మూడు వేర్వేరు పీసులు.

#14 నల్లగొండ_సిస్టరమ్మ
ఒకటి చెప్పాలె. కరోనా తర్వాత ప్రతి ఇంట్ల వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఉంది. తలనొప్పి వస్తే అది పెట్టుకొని 98 ఉంది మంచిగనే ఉన్న అనుకుంటున్నరు. సీఓ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ పట్టుకున్నదానిలెక్కనే చూస్తది. మనిషి పడిపోతున్నా 98 చూపెట్టొచ్చు. సీఓ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగ గట్టిగ పట్టుకుంటది. ఆసుపత్రికి పోతే "కార్బన్ మోనాక్సైడ్ అనుమానం" అని నోరు తెరిచి చెప్పాలె, రక్తం తీసి కార్బాక్సీ హిమోగ్లోబిన్ (సీఓ పట్టుకున్న హిమోగ్లోబిన్) ఎంతుందో చూస్తరు. మాస్కు పెట్టి పూర్తి ఆక్సిజన్ ఇస్తే అది సగమయ్యేందుకు గంట నుంచి గంటన్నర, ఉత్త గాలిల అయితే 4–5 గంటలు. "బయటికొచ్చిన గదా, పొద్దుగాల చూద్దాం" అనొద్దు.

#15 పాలమూరు_పోరడు
అర్థమైంది. హైడ్రోజనా సీఓనా ఇంటికాడ ఎట్ల తేల్చాలె? మీటర్ కొనాల్నా?

#16 గీజర్_డాక్టర్
కొనకు. ఉన్న పీస్‌తోనే తేల్తది, గని తేలేదాక ఆ గదిల ఎవరూ పండొద్దు. నడిమిట్ల మళ్ల మోగితే పరీక్షలు పక్కన పెట్టి అందరు బయటికి.
ముందు దాన్ని మిద్దె మీద అర గంట పెట్టు. సున్న రావాలె. రాకుంటే సెన్సరే ఖరాబ్, మిగతా చదవకు, కొత్తది కొను.
సున్న వస్తే, ఒకరోజు పొద్దున నుంచి పొయ్యి, గీజర్, అగరబత్తి, దోమల కాయిల్ ఏదీ ముట్టియ్యకుంట, మెయిన్ ఆఫ్ చేసి రెండు గంటలు ఇన్వర్టర్ మీద నడుపు. మెయిన్ ఆన్ చేసి అలారంను స్టోర్ గదిల పెట్టి తలుపు మూసెయ్. గంటన్నరకు తలుపు తెరిచి అంకె చూడు. లోపల నిలబడకు, అగ్గిపుల్ల గీయకు, స్టోర్ లైటు స్విచ్ ముట్టకు.
మరుసటి రోజు ఇన్వర్టర్ ఛార్జింగ్ పూర్తయి ఉన్నప్పుడు, అలారం బెడ్‌రూంల, వెంటిలేటర్ రోజులెక్కనే. గీజర్ 20 నిమిషాలు నడుపు. గదిల ఎవరు ఉండొద్దు. పీక్ చూడు.
రెండో రోజుది ఎగ్గొట్టకు. మొదటి రోజు అంకె రాంగనే "బ్యాటరీనే" అని ఊకుండేటోళ్లే ఎక్కువ.

#17 సూర్యాపేట_బ్యాటరీలు
#16 నేను ఒప్పుకుంటున్న, రెండు చూడాలె. బ్యాటరీ కాడ ఇంకో మాట: ఇన్వర్టర్ వెనక ట్యూబులర్, ఫ్లాట్, ఎస్‌ఎంఎఫ్ (నీళ్లు పొయ్యనక్కర్లేనిది) అని బ్యాటరీ రకానికి చిన్న స్విచ్ ఉంటది కొన్నింటికి. నీ బ్యాటరీకి సరిపోనిదానికి పెట్టి ఉంటే ఛార్జింగ్ తప్పుతది, ఎక్కువ ఛార్జ్ అయితే గ్యాస్ మస్తు వస్తది. మీటర్ పెట్టి చూడు, 12 వోల్టుల బ్యాటరీ 14.4 దాటి గంటలకొద్ది ఉంటే ఛార్జింగ్ సెట్టింగే తప్పు. నీళ్లు తొందరగ తగ్గుతున్నయా చూడు, తేలే సూది ఎరుపుల ఉంటే డిస్టిల్డ్ వాటర్ ఆకుపచ్చ గీత దాక పొయ్యి, నిండా పొయ్యొద్దు, ఛార్జింగ్‌ల పొంగి యాసిడ్ కారుతది. బోరు నీళ్లు మాత్రం పొయ్యకు, మన నల్లగొండ నీళ్లయితే అస్సలే.
కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ కాదు, హైడ్రోజన్ సల్ఫైడ్. బ్యాటరీ కాగి కాగి పాడయిందని. గదిలకు పోకు, మెయిన్ ఆపి మెకానిక్‌ను పిలువు.

#18 అచ్చంపేట_అక్క
85 హైడ్రోజన్ అయితే స్టోర్ పేల్తదా మరి?

#19 సూర్యాపేట_బ్యాటరీలు
హైడ్రోజన్ అంటుకోవాలంటే గాలిల 4 శాతం ఉండాలె, అంటే 40,000 పీపీఎం. 85 చూపెట్టిందంటే బెడ్‌రూంల మహా అయితే కొన్ని వందలు. బెడ్‌రూంకు భయం లేదు. గాలాడని స్టోర్ల సీలింగ్ కింద ఎంత ఉందో నేను చెప్పలేను, హైడ్రోజన్ పైకి పోయి చేరుతది. పై మూలకు బయటికి ఒక 4 అంగుళాల రంధ్రం, కింద ఇంకోటి, అంతే ఖర్చు.

#20 వనపర్తి_వంటిల్లు
మాకు గిట్ల బాలింత గదిల నిప్పుల కుంపటి పెడ్తరు, పసిపిల్లకు సాంబ్రాణి పొగ వేస్తరు. పొగ పోయినంక ఎర్రటి నిప్పులే ఉంటయి గదా, అప్పుడు తలుపు మూస్తరు. అలారం పెడితే చాలా?

#21 నల్లగొండ_సిస్టరమ్మ
చాలదు అక్కా. పొగ పోయి బొగ్గులు ఎర్రగ మిలమిల ఉన్నప్పుడే సీఓ బాగ వస్తది, కంటికి కనపడేది పోయిందని తలుపు మూసుడే తప్పు. పసిపిల్లలు ఊపిరి గబగబ తీస్తరు, పెద్దోళ్ల కంటే ముందు వాళ్లకే ఎక్కువ ఎక్కుతది. నిప్పులు వరండల పెట్టుకోండ్రి, వెచ్చదనానికి గదిల దుప్పటి, వేడినీళ్ల సంచి పెట్టండ్రి. అత్తమ్మ వినకుంటే "డాక్టరమ్మ వద్దన్నది" అని నా పేరు పెట్టు.

#22 జడ్చర్ల_జోకర్
#21 ఏ డాక్టరమ్మ అని అడిగితే?

#23 నల్లగొండ_సిస్టరమ్మ
నల్లగొండ డాక్టరమ్మ అను, ఎన్ని వందల మంది ఉన్నరు.

#24 మిర్యాలగూడ_మిల్లు
అలారం పనిచేస్తున్నదా లేదా ఎట్ల తెల్వాలె? టెస్ట్ బటన్ ఒత్తితే పీప్ అంటది గదా, అదే పరీక్షనా? ఒక వీడియోల అగరబత్తి ముట్టించి ప్లాస్టిక్ కవర్ల పెట్టి చూపెట్టిండు.

#25 దేవరకొండ_వైరింగ్
టెస్ట్ బటన్ సెల్లు, సర్క్యూటు, బజరు బాగున్నయని చెప్తది. సెన్సర్ గాలిని పడుతున్నదా లేదా చాలా మోడళ్లల్ల అది చూడదు. అయినా నెలకోసారి ఒత్తాలె. అగరబత్తి పని చెయ్యొద్దు, దాని తారు, నూనె పోయి సెన్సర్ ముందటి జాలీకి అంటుకుంటది. బండి సైలెన్సర్ కాడ పట్టుకునేటోళ్లున్నరు, అది ఇంకా గలీజు. సీఓ అలారాల కోసమే తయారు చేసిన టెస్ట్ గ్యాస్ డబ్బాలు ఉంటయి, అవసరమనిపిస్తే అది.

#26 గీజర్_డాక్టర్
#25 అగరబత్తి నిజమైన సీఓనే వదుల్తది, ఒకసారి చూసినందుకు పీస్ చచ్చిపోదు. నేను చెయ్యమని చెప్తలేను, కాని "పాడైతది" అని భయపెట్టుడు ఎక్కువే.

#27 దేవరకొండ_వైరింగ్
పొగ ఎంత సాంద్రతల పోతుందో తెల్వనప్పుడు మోగలేదంటే ఏమనుకుంటవు? పాడైందనుకుంటవా, కవర్ కారిందనుకుంటవా? కొలత లేని పరీక్ష పరీక్ష కాదు.

#28 గీజర్_డాక్టర్
అది కరెక్టే. ఆ మాటకు తలొంచుతున్న.

#29 పానగల్లు_సార్
సంభాళన గురించి ఒకేసారి రాసేస్తున్నా. నెలకోసారి మెత్తని పొడి బ్రష్‌తోనో వ్యాక్యూమ్ చిన్న ముక్కుతోనో జాలీ మీద దుమ్ము తీయాలి. తడిబట్ట, ఫినాయిల్, స్ప్రే ఏదీ వద్దు. దోమల స్ప్రే, హెయిర్ స్ప్రే, పెయింట్, థిన్నర్, వార్నిష్ ఆవిరికి సెన్సర్ తప్పుగా మోగొచ్చు. పండుగకు ముందు సున్నం, రంగులు వేసేటప్పుడు తీసి పక్క ఇంట్లో పెట్టుకుని, వాసన పోయాక తిరిగి పెట్టుకోండి. ఆ రోజుల్లో ఇంట్లో గీజర్, కుంపటి వాడకూడదు. దాని మీద రంగు వేస్తే ఇక అది బొమ్మే.
సెల్లు ఆల్కలైన్ వేయండి, రెండూ ఒకే పాకెట్‌లోవి. గడియారానికి వేసే చవక సెల్లు వద్దు. మార్చిన తేదీ వెనక రాయండి.
ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ ఆయుష్షు 5 నుంచి 10 ఏళ్లు మోడల్‌ను బట్టి. కొన్న తేదీ కాదు, వెనక ఉన్న తయారీ తేదీ నుంచి లెక్క. గడువైతే డిస్‌ప్లేలో "ఎండ్" అనో, మధ్యమధ్య కూతతోనో చెబుతుంది. సెల్లు మార్చినా ఆ కూత ఆగకపోతే పీసే మార్చాలి.

#30 అచ్చంపేట_అక్క
రేకుల ఇండ్లల్ల ఎట్ల సారూ? ఎండాకాలం లోపల పెనం మీద ఉన్నట్టే.

#31 పానగల్లు_సార్
మంచి ప్రశ్న. చాలా ఇంటి మోడళ్లకు పై హద్దు 38 నుంచి 40 డిగ్రీల దగ్గర రాసి ఉంటుంది, డబ్బా మీద చూడండి. నల్లగొండలో మే నెలలో బయటే 44–45 పోతుంది, రేకు కింద ఇంకా ఎక్కువ. వేడికి సెన్సర్‌లోని ద్రావణం ఎండిపోతుంది, ఆయుష్షు తగ్గుతుంది. అలాంటి ఇంట్లో రేకుకు దగ్గరగా పెట్టకుండా మంచం ఎత్తుకు, ఎండ పడని లోపలి గోడకు పెట్టండి. రాసిన గడువు కంటే ఏడాదో రెండేళ్లో ముందే మార్చుకోమని నా సలహా.

#32 వనపర్తి_వంటిల్లు
మా చెల్లె గూడ అమెరికా నుంచి ప్లగ్గు పెట్టేది తెచ్చింది. బోర్డుకు కన్వర్టర్ పిన్ను పెట్టి పెట్టొచ్చా?

#33 దేవరకొండ_వైరింగ్
వద్దు! అది 120 వోల్టులది, మనది 230. పిన్ను మారుతది, వోల్టేజీ మారదు. పెట్టంగనే కాలిపోతది, కాలకుంటే లోపల సగం కాలి పచ్చలైటు వెలుగుతనే ఉంటది, అది ఇంకా డేంజరు. వెనక 100–240 అని ఉంటేనే పెట్టు. కరెంటు కోతలకు ప్లగ్గుదానికి లోపల బ్యాకప్ సెల్లు తప్పకుండ ఉండాలె. మొత్తం మీద సెల్లదే మనకు నయం.

#34 పాలమూరు_పోరడు
చేసిన. మిద్దె మీద సున్న. మొదటి రోజు స్టోర్‌ల 130 దాటింది, ఏమీ మండలేదు. రెండో రోజు గీజర్ నడిపితే మోగలేదు, గని పీక్‌ల 44 ఉన్నది. రెండూనా ఇగ?

#35 గీజర్_డాక్టర్
రెండూ. 44కు యూఎల్ అలారం నోరు మెదపదు, అదే సార్ #10ల చెప్పిండు. మంట ఏ రంగు?

#36 పాలమూరు_పోరడు
పైన పసుపు. వెంటిలేటర్ గీజర్ మీద రెండడుగుల ఎత్తుల ఉంది.

#37 గీజర్_డాక్టర్
మంట నీలంగ ఉండాలె. పసుపంటే గాలి సరిపోతలేదు, బర్నర్ రంధ్రాలల్ల దుమ్ము, సాలెగూడు, లోపలి రాగి ఫిన్నుల (పలుచటి రేకుల) మధ్య మసి. మెకానిక్‌ను పిలిచి బర్నర్ విప్పి బ్రష్ చేయించు, ఫిన్నులు గూడ చూపియ్యి. పైన పొగ పోయే దారిల అట్టముక్క, దోమల జాలీ ఉంటే తీసెయ్యాలె. చూరు కింద నుంచి గీజర్‌ను ఖాళీ గోడకు మార్చు, కిటికీ, వెంటిలేటర్ పక్కన అస్సలే వద్దు. అప్పటిదాక కరెంటు హీటరో కట్టెల పొయ్యి మీద బయట కాగబెట్టిన నీళ్లో. బాత్రూంల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే గీజర్ నడిచేటప్పుడు ఆపు, అది పొగను లోపలికి గుంజుతది.

#38 సూర్యాపేట_బ్యాటరీలు
నా లెక్క బయటపడ్డది గని గీజర్ డాక్టర్‌ది గూడ గెలిచింది. ఇన్వర్టర్ సెట్టింగు చూసినవా?

#39 పాలమూరు_పోరడు
చూసిన, ట్యూబులర్‌ల్నే ఉన్నది. ఛార్జింగ్‌ల 14.2 చూపెడ్తున్నది. కింది తలుపు సందుకు రబ్బరు పట్టీ, స్టోర్‌కు పైన కింద రంధ్రాలు రేపు. అలారం ఇప్పుడు మళ్ల బెడ్‌రూంల మంచం పక్కన.

#40 మిర్యాలగూడ_మిల్లు
ఇంకొకటి, రాత్రి మోగితే ఏం చెయ్యాలె వరుసగ రాయండ్రి, ఇంట్ల ఫ్రిజ్ మీద అంటిస్త.

#41 నల్లగొండ_సిస్టరమ్మ
అందర్ని లేపి బయటికి. పిల్లల్ని, ముసలోళ్లని లెక్కబెట్టు. పోయే దారిల ఉంటేనే పొయ్యి, గీజర్ ఆపు, దానికోసం వెనక్కి తిరగకు. బయట నిలబడ్డంక 101 ఫైర్‌కు, లేదా 112కు. తలనొప్పి, మత్తు ఉంటే 108. ఆఫ్ బటన్ ఒత్తి మళ్ల పండుకొనుడు లేదు, చూసిపోయినంకనే లోపలికి.
ఎల్‌పీజీ వాసనయితే వేరే: స్విచ్చులు ముట్టకు, రెగ్యులేటర్ ఆపు, కిటికీలు తెరువు, బయటికొచ్చి 1906.

#42 జడ్చర్ల_జోకర్
ఫ్రిజ్ మీద అంటిస్తే మా ఇంట్ల నేనొక్కడినే చదువుత. బీరువ మీద గూడ ఒకటి అంటియ్యి.